చెన్నై ఫ్లాట్‌లో కుందేలు: ఏది ఎంచుకోవాలి, డబ్బు ముందు దేనికి పెట్టాలి

పల్లావరం శుక్రవారం సంతలో కుందేలు పిల్లని కొనడానికి పది నిమిషాలు చాలు. బుట్టలో పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి. పక్కనే ఇనుప పంజరాలు, రంగురంగుల గింజలు కలిపిన మేత ప్యాకెట్లు. పిల్ల ఒకసారి చేతిలోకి వచ్చాక ఇంక ఏమీ అడగాలని తోచదు. వేళచేరిలోని మా రెండు పడకగదుల ఫ్లాట్‌కి మొదటి కుందేలు అలాగే వచ్చింది. పేరు ముత్యం. ఏడాదిన్నర బతికింది. సరిగ్గా చూసుకుంటే కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుందని నాకు తెలిసేసరికి అది లేదు.

ఇప్పుడు మా ఇంట్లో జున్ను, మిరియం అని రెండున్నాయి. ఐదేళ్లు దాటాయి. మా ఒంగోలు వైపు నుంచి, నెల్లూరు నుంచి ఉద్యోగాలకి వచ్చి ఇక్కడ ఉండిపోయిన తెలిసినవాళ్లు, బెంగళూరులో మారతహళ్లిలో ఉన్న మా పిన్ని కూతురు, అందరూ నన్ను అడిగేవి ఇంచుమించు ఒకే ప్రశ్నలు. పంజరం ఎంత పెద్దది కొనాలి, ఏ కంపెనీ పెల్లెట్లు (గుళికల మేత) మంచివి, ఏ జాతి ముద్దుగా ఉంటుంది. నేను చెప్పే జవాబు వాళ్లు అడిగిన వరసలో ఉండదు. నెలకి ఇంత అని డబ్బు అనుకుంటే ముందు గడ్డికి తీసి పెట్టండి. తర్వాత చల్లదనానికి. ఆ తర్వాత డాక్టర్‌కి. పంజరం, పెల్లెట్లు, బొమ్మలు వాటి తర్వాతే. షాపులో మనకి చూపించే వరస దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది.

గడ్డి: టిమోతీయా, గరికా, లూసర్నా?

కుందేలు తిండిలో ఐదింట నాలుగు వంతులకి పైగా గడ్డే ఉండాలి. దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లే కాదు, లోపలి దవడ పళ్లు కూడా. పీచున్న గడ్డిని గంటల తరబడి అటూ ఇటూ నమిలితేనే అవి అరుగుతాయి. పేగు కదలాలన్నా పీచు కావాలి. కుందేలు వాంతి చేసుకోలేదు, ఉపవాసం ఉండలేదు. పది పన్నెండు గంటలు ఏమీ తినకపోతే, పెంటికలు వేయకపోతే, అది రేపు చూద్దాంలే అనుకునే విషయం కాదు. ఆ రాత్రే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన విషయం.

ఇక్కడ దొరికే ఎండుగడ్డిలో టిమోతీ మొదటి వరసలో ఉంటుంది. విదేశాల నుంచి వస్తుంది కాబట్టి ఖరీదెక్కువ. మా రెండిటికీ నెలకి సుమారు నాలుగు కిలోలు పడుతుంది, ఇంటి ఖర్చులో అది కనిపించే మొత్తమే. దాని మంచి గుణం ఏమిటంటే ప్రతి ప్యాకెట్ ఇంచుమించు ఒకేలా ఉంటుంది, కుందేలు అలవాటు పడితే మారాం చేయదు. కొనేటప్పుడు ఆకుపచ్చ రంగు ఇంకా మిగిలి ఉందా, ముక్కుకి పొలం వాసన తగులుతోందా చూడండి. గోధుమరంగుకి తిరిగి, విరిస్తే దుమ్ము లేస్తుంటే ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. ఓట్ గడ్డి, రోడ్స్ గడ్డి దొరికితే అవీ పెద్ద కుందేళ్లకి నిక్షేపంగా పనికొస్తాయి.

గరిక సంగతి నాకు చాలా ఇష్టమైన సంగతి. వినాయకుడికి పెట్టే గరికే కుందేలుకి దొరికే మంచి మేతల్లో ఒకటి. ఇక్కడ అరుగంపుల్ అంటారు, బెంగళూరులో గరికె. గుళ్ల దగ్గర పూల కొట్లలో కట్టలుగా దొరుకుతుంది. టిమోతీ కంటే చాలా చవక, తాజాగా ఉంటుంది, కుందేలు ఆశగా తింటుంది. మరి అంతా గరికతోనే గడిపేయచ్చు కదా అంటే, గడిపేయచ్చు, రోజూ అంత గరిక శుభ్రంగా తేగలిగితే. చిక్కంతా అక్కడే. కొట్లో కట్టలు నీళ్లు చల్లి ఉంచుతారు, లోపల వేడెక్కి మెత్తబడి ఉంటాయి. రోడ్డు పక్కన కోసింది అయితే కుక్కల మూత్రం, మురుగు, దోమల మందు ఏదైనా అంటి ఉండచ్చు. నేను వారానికి రెండుసార్లు తెస్తాను. కట్ట విప్పి రెండు నీళ్లలో కడిగి, ఫ్యాన్ కింద తుంగచాప మీద పలచగా పరుస్తాను. సగం పచ్చిగా ఉన్నప్పుడు పెట్టేస్తాను. మేడ మీద నాలుగు వెడల్పాటి తొట్లలో గరిక వేసుకున్నాను, అది రోజూ ఒక గుప్పెడు ఇస్తుంది. అసలు కడుపు నింపేది టిమోతీ, రుచికి, పచ్చదనానికి గరిక. చెన్నైలో ఉండే చాలామందికి ఈ కలగలుపే సరిపోతుందని నా అభిప్రాయం. పొలం ఉన్న ఊళ్లో ఉంటే మాత్రం గరిక ఒక్కటీ చాలు.

లూసర్న్ అంటే పశువులకి వేసే పప్పుజాతి మేత, ఆరు నెలల లోపు పిల్లలకి మంచిది. పెరిగే వయసు కాబట్టి దానిలోని మాంసకృత్తులు, కాల్షియం వాటికి ఉపయోగపడతాయి. పెద్ద కుందేలుకి రోజూ అదే పెడితే చేటు. కుందేలు శరీరం తిన్న కాల్షియంలో ఎక్కువ భాగాన్ని పీల్చేసుకుని, మిగిలింది మూత్రంలోంచి పంపిస్తుంది. అది ఎక్కువైతే మూత్రాశయంలో ముద్దలా పేరుకుంటుంది. అమావాస్య నాడు ఆవులకి పెట్టడానికి ఇక్కడ కట్టలు కట్టలుగా అమ్మే అవిశాకుది కూడా అదే సంగతి. మునగాకుదీ అంతే. వారానికోసారి రెండు రెమ్మలు ఇవ్వండి, మేతగా కాదు.

వరిగడ్డి చవక కదా అని కొందరు అడుగుతారు. అందులో పోషణ తక్కువ. కింద పరచడానికి వాడండి, నాలుగు పరకలు నమిలినా ఫర్వాలేదు. పశువుల మేతకి పెంచే నేపియర్ గడ్డి ఆకులు నీడలో ఎండబెట్టి కలపచ్చు, కాడలు మాత్రం మొద్దుగా ఉంటాయి. లేత జొన్న పైరు జోలికి వెళ్లద్దు. పశువులకి ఎందుకు పెట్టరో మన రైతుల్ని అడిగితే చెబుతారు, ఆ విషమే కుందేలుకీ విషం.

ఏ గడ్డి కొన్నా దాచే చోటు ముఖ్యం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇక్కడి వానల్లో గోడలే చెమ్మగిల్లుతాయి, గడ్డి ఏపాటి? 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో నీళ్లు నిలిచాయి, కరెంటు పోయింది. కింద అరలో పెట్టిన గడ్డి సంచి పైకి బాగానే కనిపించింది, లోపల చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. బూజు పట్టడం మొదలైందన్నమాట. మొత్తం పారేశాను. అప్పటి నుంచి గాలి ఆడే గుడ్డసంచిలో, అటక మీద పెడుతున్నాను. వానాకాలానికి ముందు పదిహేను రోజుల నిల్వ మాత్రం తప్పకుండా ఉంచుకుంటాను, ఎందుకంటే నీళ్లు నిలిస్తే డెలివరీలు ఆగిపోతాయి.

ఆకుకూరల్లో కొత్తిమీర, పుదీనా, మెంతికూర, తులసి, ముల్లంగి ఆకు, క్యారెట్ ఆకు బాగా సరిపడతాయి. రోజుకి రెండు మూడు రకాలు, కిలో బరువుకి ఒక కప్పు చొప్పున. పాలకూర, తోటకూర, చుక్కకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ, అప్పుడప్పుడు కొంచెమే. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప మొక్క ఆకులు, టమాటా ఆకులు అసలు పెట్టకూడదు. క్యారెట్ దుంప, అరటిపండు మిఠాయి లాంటివి, బొటనవేలంత ముక్క చాలు. బిస్కెట్, అన్నం, చపాతీ, పెరుగన్నం ముద్దుగా పెట్టినా అది ప్రేమ కాదు. ముత్యానికి నేను రోజూ బిస్కెట్ పెట్టేదాన్ని.

ఇక పెల్లెట్లు. సంచుల్లో అమ్మే ఫారం మేత కుందేళ్లని త్వరగా బరువు పెంచడానికి తయారుచేసింది. ఇంట్లో పెంచే పెద్ద కుందేలుకి అది ఎక్కువ. గింజలు, రంగు ముక్కలు కలిపిన మేతలో కుందేలు తీపివి ఏరుకుని మిగతావి వదిలేస్తుంది, పళ్లకీ కడుపుకీ రెండింటికీ నష్టం. ఒకే రకం గోధుమ-ఆకుపచ్చ పెల్లెట్లు, ప్యాకెట్ మీద పీచు 18 శాతానికి తగ్గకుండా ఉన్నవి తీసుకోండి. కిలో బరువుకి రోజుకి 25 గ్రాములు మించద్దు. మంచి గడ్డికీ మంచి పెల్లెట్లకీ మధ్య ఒకటే కొనగలిగితే రెండో ఆలోచన లేకుండా గడ్డి కొనండి.

వేడి: ఏసీయా, కూలరా, ఐస్ సీసానా?

కుందేలుకి హాయిగా ఉండే వేడి ఇంచుమించు 15 నుంచి 22 డిగ్రీలు. 25 దాటితే ఇబ్బంది మొదలవుతుంది, 30 దాటితే ప్రమాదం. దానికి మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడి చాలావరకు చెవుల్లోంచే పోవాలి. ఇప్పుడు ఇక్కడి ఎండాకాలం చూడండి. మేలో కత్తిరి (కర్తరి) వచ్చిందంటే పగలు 40 దగ్గరికి వెళ్తుంది, రాత్రి కూడా 28 దగ్గరే ఆగిపోతుంది. బెంగళూరులో ఏప్రిల్ పగలు 34 ఉన్నా రాత్రికి 22 దాకా దిగుతుంది, కుందేలుకి తేరుకునే వ్యవధి దొరుకుతుంది. మా పిన్ని కూతురు రాళ్ల నేల, ఒక తడి గుడ్డ, కిటికీతో గడిపేసే నెలల్లో నేను అలా గడపలేను. కాబట్టి బెంగళూరు వాళ్లు చెప్పిన చిట్కా చెన్నైలో పనిచేస్తుందని నమ్మకండి.

ఫ్యాన్ ఒక్కటే సరిపోదు. చెమట పట్టని ఒంటికి వేడి గాలి తగిలితే చల్లబడేది కొంచెమే. నీళ్ల కూలర్ బెంగళూరులో మార్చి, ఏప్రిల్ పొడి గాలికి బాగానే పనిచేస్తుంది. చెన్నైలో గాలిలో ముందే తేమ నిండి ఉంటుంది, కూలర్ ఇంకాస్త తేమ కలుపుతుంది. గది చల్లబడదు, గడ్డికి బూజు, కుందేలు బొచ్చు కింద చర్మానికి జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇక్కడ కూలర్ కొనద్దని గట్టిగా చెబుతాను.

ఐస్ సీసా మంచి తోడు. లీటరు నీళ్ల సీసాని గడ్డకట్టించి, పాత తువ్వాలు చుట్టి పక్కన పెడితే కుందేలు దానికి ఆనుకుని పడుకుంటుంది. రెండు మూడు గంటలు పనిచేస్తుంది. కరెంటు పోయినప్పుడు ప్రాణం కాపాడేది అదే, అందుకే ఏప్రిల్ నుంచి మా ఫ్రీజర్‌లో నాలుగు సీసాలు ఎప్పుడూ ఉంటాయి. కానీ ఉద్యోగానికి పొద్దున తొమ్మిదికి వెళ్లి రాత్రి ఏడుకి వచ్చే ఇంట్లో అదొక్కటే నమ్ముకోలేం. మధ్యాహ్నం పన్నెండుకి అది కరిగిపోయి ఉంటుంది, అసలు ఎండ అప్పుడే మొదలవుతుంది.

కాబట్టి చెన్నైలో ఏప్రిల్ నుంచి జూన్ చివరి దాకా పగటిపూట ఒక గదిలో ఏసీ ఉండాలి. 25 దగ్గర పెట్టి, ఫ్యాన్ నెమ్మదిగా తిప్పితే చాలు. గాలి తిన్నగా కుందేలు మీదకి కొట్టకూడదు. ఇన్వర్టర్ రకం, చిన్న గది, తలుపు కింద సందుకి గుడ్డ: ఇవి ఉంటే కరెంటు వాడకం తగ్గుతుంది. తమిళనాడులో బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది, వాడకం పెరిగే కొద్దీ యూనిట్ రేటు పెరుగుతుంది. ఎండాకాలం బిల్లు ముందే లెక్క వేసుకోండి. ఆ లెక్క ఇంటికి సరిపడకపోతే చెన్నైలో కుందేలు పెంచద్దు. ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంటుంది, పిల్లలు ఫోన్ పక్కన నిలబడి వింటుంటారు. అయినా చెబుతాను.

గినీపిగ్ తెచ్చుకుంటే ఈ బాధ ఉండదా అని అడిగేవాళ్లున్నారు. దానికీ వేడి పడదు. పైగా దాని ఒంట్లో విటమిన్ సి తయారుకాదు, రోజూ తిండితో అందించాలి.

చెవులు ఎర్రబడి వేడిగా తగలడం, నోరు తెరిచి ఊపిరి తీసుకోవడం, చొంగ కారడం, కాళ్లు చాపి కదలకుండా పడి ఉండటం వడదెబ్బ గుర్తులు. వెంటనే చల్లని గదిలోకి తెచ్చి చెవుల్ని మామూలు చల్లని నీళ్లతో తడపండి. ఐస్ నీళ్లలో ముంచకండి, ఆ షాక్‌కే చనిపోవచ్చు. ఆ పని చేస్తూనే డాక్టర్‌కి ఫోన్ చేయండి. మామూలు రోజుల్లో కూడా కుందేలుకి స్నానం అక్కర్లేదు, అది తనని తానే నాక్కుని శుభ్రం చేసుకుంటుంది.

నీళ్లు సీసా గొట్టంతో పెట్టాలా, గిన్నెలోనా అంటే గిన్నెలోనే. గిన్నెలో అయితే కుందేలు ఎక్కువ తాగుతుంది. తన్నినా ఒరగని బరువైన మట్టి మూకుడు మా ఇంట్లో ఐదేళ్లుగా నడుస్తోంది, పైగా అందులో నీళ్లు చల్లగా ఉంటాయి.

పంజరమా, ప్లేపెన్నా, ఇల్లంతా వదిలేయడమా?

బ్రిటన్‌లోని కుందేళ్ల సంక్షేమ సంస్థ రెండు కుందేళ్లకి కనీసం 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు చోటు ఉండాలంటుంది. మన ఫ్లాట్లలో అది చాలామంది పడకగది సగం. అంత ఇవ్వలేకపోయినా, సంతలో అమ్మే రెండడుగుల పంజరం ఏ కుందేలుకీ ఇల్లు కాదని గుర్తుంటే చాలు. దానికన్నా ముఖ్యమైనది కింది భాగం. కుందేలు పాదాలకి కుక్కకి, పిల్లికి ఉన్నట్టు మెత్తలు ఉండవు, బొచ్చు మాత్రమే. తీగల జల్లెడ మీద రోజులు గడిపితే మడమల దగ్గర పుండ్లు పడతాయి, అవి మానడం చాలా కష్టం.

నా ఓటు ప్లేపెన్‌కి, అంటే పలకలు కలిపి చేసే చిన్న ఆవరణకి. మీటరు ఎత్తున్న ఇనుప పలకలు ఎనిమిది, పంజరం ధరకే వస్తాయి, కావాలంటే చోటు మార్చుకోవచ్చు. కింద టైల్స్ జారుతాయి కాబట్టి రంగు వేయని తుంగచాప పరవండి. కొరికి తిన్నా నష్టం లేదు, పాడైతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. పొద్దున, సాయంత్రం కుందేలు హుషారుగా ఉండే వేళల్లో కలిపి నాలుగు గంటలు బయట తిరగనివ్వండి.

ఇల్లంతా వదిలేయడం దానికి సంతోషం, కానీ మొదటి రోజునే వద్దు. ఛార్జర్ తీగలు, ఫ్రిజ్ వెనక తీగ, వైఫై బాక్సు తీగ, ఏది దొరికినా కొరికేస్తుంది. అద్దె ఇంట్లో తలుపు మూలలు చెక్కేస్తే ఇంటి ఓనర్‌తో గొడవ. తీగలన్నీ ప్లాస్టిక్ గొట్టాల్లో పెట్టి, లిట్టర్ ట్రే అలవాటయ్యాక ఒక్కో గదీ తెరవండి. ట్రేలో వార్తాపత్రిక, దాని మీద గడ్డి వేస్తే చాలు. ఒక కొసన తింటూ ఇంకో కొసన పని కానిచ్చుకుంటుంది. పిల్లుల కోసం అమ్మే గడ్డకట్టే మట్టి వాడద్దు, మింగితే కడుపులో ఉబ్బుతుంది.

బాల్కనీ గురించి ఒక్క మాట. పడమటి ఎండ, గద్దలు, కాకులు, పక్క మేడల పిల్లులు. బాల్కనీ మన బట్టలకి.

ఏ కుందేలు, ఎక్కడి నుంచి

పొడవాటి బొచ్చున్న అంగోరాలు మన దేశంలో కులు లాంటి చలి ప్రాంతాల్లో పెరిగేవి. వాటిని చెన్నైకి తేవడం అన్యాయం. మెడ చుట్టూ జూలున్న లయన్‌హెడ్‌కి కూడా ఇక్కడ ఉక్కపోత ఎక్కువే. చెవులు వేలాడే హాలండ్ లాప్ చూడముచ్చటగా ఉంటుంది, కాకపోతే చెవి జబ్బులు, పళ్ల జబ్బులు దానికి ఎక్కువ. వేడి విషయంలో చూస్తే నిటారు చెవులు, పొట్టి బొచ్చు ఉన్న మామూలు కుందేలే ఈ ఊరికి సరిపోతుంది.

సంతలో డ్వార్ఫ్ అని అమ్మే తెల్లటి పిల్లల్లో చాలా వరకు న్యూజిలాండ్ వైట్ పిల్లలే. అవి మాంసం కోసం పెంచే జాతి, పెద్దయ్యాక నాలుగైదు కిలోలు తూగుతాయి. అందులో తప్పేమీ లేదు, నెమ్మదైన జంతువులు, నేనైతే ఇష్టంగా తెచ్చుకుంటాను. చోటు, గడ్డి మాత్రం అంతకి తగ్గట్టు అనుకుని తెచ్చుకోవాలి.

కొనేముందు వయసు ఎనిమిది వారాలు దాటిందో లేదో చూడండి. తల్లి దగ్గర నుంచి ముందే విడదీసిన పిల్లలు విరేచనాలు పట్టుకుని చాలా చనిపోతాయి. ముక్కు పొడిగా ఉందా, ముందు కాళ్ల లోపలి బొచ్చు అతుక్కుపోయి ఉందా చూడండి. అతుక్కుంటే అది తుమ్ముతూ ముక్కు తుడుచుకుంటోందని అర్థం. చెవిలో గోధుమరంగు పొక్కులు, తడిసిన వెనక భాగం కనిపిస్తే వదిలేయండి. 2018లో వచ్చిన నిబంధనల ప్రకారం పెట్ షాప్‌కి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి, అడగడం మన హక్కు.

కొనడం కన్నా దత్తత నాకు నచ్చిన దారి. ఇంట్లో పిల్లలకి మోజు తీరాక, ఇల్లు మారాక వదిలేసిన పెద్ద కుందేళ్లు జంతు సంక్షేమ సంస్థల దగ్గర ఉంటుంటాయి. చెన్నైలో 1959 నుంచి ఉన్న బ్లూ క్రాస్‌ని, బెంగళూరులో కూపాని అడిగి చూడండి. పెద్ద కుందేలైతే ఎంత బరువో, ఆడో మగో, ఎలాంటి స్వభావమో ముందే తెలుస్తుంది. మిరియం అలా వచ్చిందే. మొదటి నెల మంచం కింద నుంచి బయటికి రాలేదు. ఇప్పుడు నేను కింద కూర్చుంటే వచ్చి నా కాలికి గడ్డం రాస్తుంది.

ఊళ్లో పొలాల్లో పట్టిన చెవులపిల్లిని ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకండి. అది వేరే జంతువు, 1972 వన్యప్రాణి చట్టం కింద దాన్ని పట్టడం, పెంచడం నేరం. ఇంటి కుందేలుకి ఆ చట్టంతో ఇబ్బంది లేదు.

తెచ్చుకునే నెల కూడా ఎంచుకోండి. ఎండాకాలం సెలవులు కదా అని ఏప్రిల్, మేలలో తెస్తారు. కొత్త ఇల్లు, కొత్త తిండి, పైన ఆ వేడి, మూడూ ఒకేసారి పిల్ల తట్టుకోలేదు. జనవరి, ఫిబ్రవరి మంచి కాలం.

ఒకటా, రెండా?

రెండు. కుందేలు గుంపు జంతువు, మనం ఆఫీసుకి వెళ్లిన తొమ్మిది గంటలూ గోడ చూస్తూ కూర్చోవడం దానికి శిక్ష. అయితే రెండు అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన రెండు. ఒక ఆడ, ఒక మగ, రెండింటికీ ఆపరేషన్ అయితే జోడీ కుదరడం తేలిక. నాలుగు నుంచి ఆరు నెలలకే అవి ఈడుకి వస్తాయి. గర్భం దాదాపు నెల రోజులు, ఈనిన రోజే మళ్లీ కట్టగలదు. రెండూ ఆడవే అని అమ్మినవాళ్ల మాట మీద తెచ్చుకుని, మూడు నెలల్లో పదకొండు కుందేళ్లతో నాకు ఫోన్ చేసిన కుటుంబం ఉంది. ఆపరేషన్ అయిన మగదాన్ని కూడా ఆరు వారాలు వేరుగా ఉంచాలి, అప్పటిదాకా దానికి పిల్లల్ని పుట్టించే శక్తి ఉంటుంది.

పిల్లలు వద్దనుకోవడం ఒక్కటే కారణం కాదు. ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లకి నాలుగేళ్లు దాటాక గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది. రెండు కుందేళ్లకీ ఆపరేషన్ ఖర్చు పెట్టలేని పరిస్థితి అయితే ఒక్కదాన్నే తెచ్చుకుని, దానికి చేయించి, రోజూ రెండు మూడు గంటలు దాని దగ్గర కింద కూర్చోండి. ఆపరేషన్ లేని జోడీ కన్నా అది మేలు.

డాక్టర్‌ని ఎంచుకోవడం

ముత్యానికి తుమ్ములు వస్తే ఇంటి దగ్గరున్న ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాను. కుక్కలకి మంచి పేరున్న చోటు. నోట్లో పోయడానికి అమోక్సిసిలిన్ సిరప్ ఇచ్చారు. కుక్కకి, పసిపిల్లలకి ఇచ్చే మందే కదా అనుకున్నాను. కుందేలు పేగులోని మంచి సూక్ష్మజీవుల్ని ఆ రకం మందులు నోటి ద్వారా ఇస్తే చంపేస్తాయి, చెడ్డవి పెరిగిపోతాయి. మూడో రోజు విరేచనాలు పట్టుకున్నాయి. ఐదో రోజు తెల్లవారుజామున నా ఒళ్లోనే పోయింది.

అందుకే కుందేలుని తేకముందే డాక్టర్‌ని చూసుకోండి. ఇంటికి దగ్గరున్న కుక్కల క్లినిక్‌కీ, గంట దూరంలో కుందేళ్లు చూసే డాక్టర్‌కీ మధ్య ఎంచుకోవాలంటే గంట దూరమే వెళ్లండి. ఫోన్‌లో మూడు ప్రశ్నలు అడగండి. ఆపరేషన్‌కి ముందు కుందేలుని ఖాళీ కడుపుతో తీసుకురావాలా? కావాలి అంటే వద్దు, వాంతి చేసుకోలేని జంతువుకి ఆ అవసరం లేదు, పైగా పేగు ఆగిపోతుంది. నోటికి ఏ యాంటీబయాటిక్స్ ఇవ్వరు? పెన్సిలిన్ రకాలు, క్లిండామైసిన్ అని వెంటనే చెప్పాలి. గోమార్లకి ఏ చుక్కలు వాడతారు? కుక్కలకి వాడే ఫిప్రోనిల్ కుందేలుకి విషం, ఆ పేరు చెబితే ఇంకో చోటు వెతుక్కోండి. ఇలా అడిగితే డాక్టర్లు నొచ్చుకుంటారేమో అని నాకు మొదట్లో మొహమాటంగా ఉండేది. కుందేళ్లు తెలిసిన డాక్టర్ నొచ్చుకోరు, నవ్వి వివరంగా చెబుతారు.

వేపేరిలో 1903 నుంచి ఉన్న మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి, బెంగళూరులో హెబ్బాళ్ వెటర్నరీ కాలేజీ పెద్ద ఆసరా. ఖర్చు తక్కువ, రకరకాల విభాగాలు ఒక్క చోటే ఉంటాయి. వరసలో కుక్కలు ఎక్కువ కాబట్టి కుందేలు ఉన్న డబ్బా మీద పలచటి గుడ్డ కప్పి, లోపల దానికి అలవాటైన గడ్డి వేసి తీసుకెళ్లండి. ప్రైవేటు క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ ఉంటుంది, ఎదురుచూపు తక్కువ, ఖర్చు ఎక్కువ. మామూలు చెకప్‌లకి నేను ప్రైవేటుకే వెళ్తాను, పెద్ద విషయమైతే వేపేరి.

చిన్నపిల్లలున్న ఇల్లు

ఎనిమిదేళ్ల లోపు పిల్లల కోసమే అయితే ఇంకొన్నాళ్లు ఆగండి. కుందేలుని ఎత్తుకుంటే దానికి భయం, గింజుకుని గట్టిగా తన్నితే దాని నడుమే విరగచ్చు. కింద కూర్చుని దానంతట అది వచ్చేదాకా ఆగగలిగే వయసు రావాలి. ఎప్పుడైనా సరే చాకిరీ చేసేది పెద్దవాళ్లేనని ఒప్పుకున్నాకే తెచ్చుకోండి.

ఊరెళ్తే ఎవరి దగ్గర?

సంక్రాంతికి మనందరం ఊరెళ్లేవాళ్లమే. కారులో ఏసీ ఉండి, నెల్లూరు దాకా మూడు నాలుగు గంటల ప్రయాణం అయితే జనవరిలో వెంట తీసుకెళ్లచ్చు. దారిలో రెండుసార్లు ఆగి తడి కొత్తిమీర పెట్టాలి. విశాఖ దాకా అయితే వద్దు. మేలో ఎంత దగ్గరైనా వద్దు, ఊళ్లో అందరూ దాన్ని ఎత్తుకుంటారు, కరెంటు పోతుంది, వీధి కుక్కలుంటాయి.

కుక్కలున్న బోర్డింగ్ హోమ్‌లో వదలడం కన్నా, తెలిసినవాళ్లు రోజుకి రెండుసార్లు మన ఇంటికే వచ్చి చూడటం మేలు. మొరుగుడు వింటూ నాలుగు రోజులు ఉంటే కుందేలు తిండి మానేస్తుంది. మా ఎదురింటి అక్క ఇప్పుడు మా రెండిటికీ రెండో అమ్మ. ఆమె తమిళంలో పిలిస్తే అవి నాకన్నా ముందు పరిగెత్తుతాయి. ఫ్రిజ్ తలుపు మీద ఆమెకి నేను అతికించి వెళ్లే కాగితంలో నాలుగే ఉంటాయి. పొద్దున గడ్డి, మూకుడులో నీళ్లు. సాయంత్రం కొత్తిమీర, పెల్లెట్లు రెండు చెంచాలు, అంతకి మించి వద్దు. ట్రేలో పెంటికలు గుండ్రంగా, నిన్నటి అంత ఉన్నాయో లేదో చూడండి. రాత్రి పెట్టిన గడ్డి పొద్దునకి అలాగే ఉంటే ఏ వేళైనా సరే నాకు ఫోన్ చేయండి, మీ నిద్ర పాడైనా, నా నిద్ర పాడైనా ఫర్వాలేదు అక్కా.